కొండ దారికి లెక్క గంటల్లో!

విశాఖ నుంచి అరకు, పాడేరు, లంబసింగి చుట్టి మళ్లీ విశాఖ చేరితే సుమారు 350 కిలోమీటర్లు. జాతీయ రహదారి మీద అయితే ఒక పూట ప్రయాణం. తూర్పు కనుమల్లో మాత్రం దానికి మూడు రోజులు కావాలి. ఆ తేడా తెలిసి బయల్దేరితే ఆ దారంత అందమైనది మరొకటి ఉండదు. తెలియకపోతే...

డిసెంబరు వచ్చిందంటే చాలు, చాలా ఇళ్లలో రాత్రి భోజనాలయ్యాక ఒకటే చర్చ. ‘ఈసారైనా అరకు వెళ్దాం నాన్నా’ అంటారు పిల్లలు. ‘దానికేముంది, విశాఖ నుంచి 115 కిలోమీటర్లేగా. పొద్దున్నే వెళ్లి రాత్రికి వచ్చేద్దాం’ అంటాడు నాన్న. ‘అయితే లంబసింగి కూడా చూసేద్దామండీ, అక్కడ మంచు పడుతుందట’ అంటుంది అమ్మ. ‘నా మోకాళ్లతో ఆ గుహల్లోకి ఏం దిగుతానురా, నేను కార్లోనే కూర్చుంటాలే’ అని నానమ్మ. నాన్న ఫోను తీసి దూరాలు కూడతాడు. లెక్క తేలిపోతుంది. ఆదివారం తెల్లవారుజామున బయల్దేరాలి, అర్ధరాత్రిలోపు ఇంట్లో ఉండాలి!

లెక్క తప్పేది సరిగ్గా అక్కడే. మైదానంలో దారిని కిలోమీటర్లలో కొలుస్తాం. కొండల్లో మలుపుల్లో కొలవాలి. పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట వరకూ ఒక వేగం. ఎస్.కోట దాటి బొడ్డవర దగ్గర కొండలు ఎదురొచ్చాక ఇంకో వేగం. ముందు లారీ ఉంటే అదే మన వేగం. పొగమంచు కమ్మితే వేగమే ఉండదు. అక్కడి నుంచి అరకు చేరడానికి రెండు గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు. మధ్యలో పిల్లలకు వాంతులు, టీ కోసం ఆగడం, ఫొటోలు... అవన్నీ అదనం.

అందుకే ఈ దారి గురించి తెలిసినవాళ్లు ముందు అడిగేది ‘ఎన్ని ఊళ్లు చూస్తారు’ అని కాదు, ‘చీకటి పడేసరికి ఎక్కడుంటారు’ అని. చలికాలంలో సాయంత్రం అయిదున్నరకే కొండల వెనక పొద్దు వాలిపోతుంది. ఆ వేళకు కారు ఎక్కడో ఒకచోట ఆగి ఉండాలి. ప్రణాళిక అంతా ఆ ఒక్క లెక్క చుట్టూనే తిరగాలి.

మొదటి రోజు: ఎక్కేటప్పుడే దిగడం నేర్చుకోవాలి

విశాఖలో ఉదయం ఆరింటికి బయల్దేరితే ఎస్.కోటలో టిఫిన్ చేయొచ్చు. పెట్రోలు ట్యాంకు నింపుకోవడానికీ, చక్రాల్లో గాలి చూసుకోవడానికీ అదే మంచి చోటు. ఘాట్ రోడ్డు మొదలయ్యే ముందు పిల్లలకు పూరీలూ బజ్జీలూ కాకుండా రెండు ఇడ్లీలతో సరిపెడితే ఆ తర్వాతి రెండు గంటలూ అందరికీ హాయి.

టైడా దగ్గర అడవి దగ్గరకొస్తుంది. అనంతగిరి వైపు ఎక్కేకొద్దీ గాలి చల్లబడుతుంది, చెవులు దిబ్బడేస్తాయి. దారికి రెండు పక్కలా నిటారుగా సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని అల్లుకుని మిరియాల తీగలు, ఆ నీడలో నడుమెత్తున కాఫీ మొక్కలు కనిపిస్తాయి. గాలికొండ దగ్గర ఆగితే ఒకదాని వెనక ఒకటిగా కొండల వరసలు. ఆకాశం శుభ్రంగా ఉన్నరోజు ఏ వరసతో కొండలు ఆగి ఆకాశం మొదలైందో చెప్పడం కష్టం.

ఇదంతా చూడాల్సింది కార్లో ఉన్నవాళ్లు. స్టీరింగ్ పట్టుకున్నవాళ్లు చూడాల్సింది రోడ్డును. ఈ దారి మీద ఎక్కడం కన్నా దిగడం కష్టం. మైదానంలో అలవాటైనవాళ్లు దిగుడులో బ్రేకు మీద కాలు తీయరు. కిలోమీటర్ల తరబడి అలా నొక్కిపెడితే బ్రేకులు వేడెక్కిపోతాయి. మాడిన వాసన వస్తుంది. ఆ తర్వాత ఎంత నొక్కినా పట్టు దొరకదు. దీనికి పాత డ్రైవర్లు చెప్పే సూత్రం ఒక్కటే: ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి. రెండో గేరులో వదిలితే ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది. ఆటోమేటిక్ కారయినా అందులో తక్కువ గేరు పెట్టుకునే వీలుంటుంది. ఆ మీట ఎక్కడుందో బయల్దేరే ముందే తెలుసుకోవాలి. న్యూట్రల్‌లో పెట్టి పెట్రోలు మిగిల్చే తెలివి ఇక్కడ అస్సలు పనికిరాదు. వాసన వస్తే వెడల్పుగా ఉన్నచోట పక్కన ఆపి, అరగంట చల్లారనివ్వాలి.

ఈ జాగ్రత్త ఎందుకో డముకు మలుపుల దగ్గరికి వస్తే అర్థమవుతుంది. 2021 ఫిబ్రవరిలో అరకు చూసుకుని విశాఖ తిరిగి వెళ్తున్న హైదరాబాద్ పర్యాటకుల బస్సు ఒకటి ఇక్కడే లోయలో పడిపోయింది. నలుగురు చనిపోయారు. అప్పటికే చీకటి పడింది. మనలాగే సెలవు రోజులు కూడబెట్టుకుని, పిల్లాపాపలతో బయల్దేరి వచ్చిన కుటుంబాలవి.

మధ్యాహ్నానికి బొర్రా గుహలు. సున్నపురాయిలో నీళ్లు లక్షల ఏళ్లపాటు తొలుచుకుంటూ పోతే ఏర్పడిన గుహలివి. చుక్క చుక్కగా జారిన నీళ్లలోని సున్నం పేరుకుని పైనుంచి వేలాడే ఊడల్లాగా, కింది నుంచి లేచిన స్తంభాల్లాగా నిలిచిపోయింది. ఒకదాన్ని శివలింగమనీ, దానిపైన ఉన్నదాన్ని ఆవు పొదుగనీ స్థానికులు కొలుస్తారు. గోస్తని నదికి ఆ పేరు అలాగే వచ్చిందంటారు. గుహల పైనుంచి రైలు పట్టాలు వెళ్తాయి. లోపల మెట్లు తడిగా ఉంటాయి, ఎక్కువ కూడా. నానమ్మ అన్నమాట నిజమే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పైన వ్యూ పాయింట్ దగ్గర కూర్చుని లోయను చూస్తే చాలు.

గోస్తని గురించి ఇంకో సంగతి. ఈ కొండల్లో పుట్టిన ఆ నది భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. దారిలో దాని మీద తాటిపూడి జలాశయం ఉంది. విశాఖ నగరానికి తాగునీరు అందించే వనరుల్లో అదీ ఒకటి. అనంతగిరి మలుపులో కారు అద్దం దించి విసిరిన ప్లాస్టిక్ కప్పు వానకు కొట్టుకుని ఎటు పోతుందో ఇక వేరే చెప్పక్కర్లేదు.

సాయంత్రం నాలుగున్నరకల్లా అరకులో గది తాళం చేతిలో ఉండాలి. పర్యాటక శాఖ కాటేజీలున్నాయి, ప్రైవేటు హోటళ్లూ ఉన్నాయి. డిసెంబరు, జనవరి నెలల్లో శని ఆదివారాలకు మాత్రం చాలా ముందే గది చెప్పుకోకపోతే కార్లోనే పడుకోవాల్సి వస్తుంది.

మలుపులు పడనివాళ్లు ఇంట్లో ఉంటే వాళ్లకూ ఒక దారుంది. విశాఖలో పొద్దున్నే బయల్దేరే కిరండూల్ రైలెక్కిస్తే అరకులో దిగుతారు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని రేవుకు చేర్చడానికి 1960ల్లో వేసిన మార్గమిది. మొత్తం 58 సొరంగాలు. మధ్యలో వచ్చే శిమిలిగూడ స్టేషను దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంటుంది. 2017 నుంచి అద్దాల పైకప్పుతో విస్టాడోమ్ పెట్టె కూడా తగిలించారు. నానమ్మనూ, కారు పడని మనవడినీ అందులో ఎక్కించి కారును అరకు స్టేషనుకు పంపే కుటుంబాలూ ఉన్నాయి.

రెండో రోజు: తోటలూ పొలాలూ ఒకరి సొంతం

అరకు నుంచి పాడేరు 45 కిలోమీటర్లే. దీనికి ఒక రోజంతా ఎందుకు అనిపిస్తుంది. ఆగుతూ వెళ్తే ఎందుకో తెలుస్తుంది.

ఉదయం గిరిజన మ్యూజియం చూడొచ్చు. ఈ కొండల్లో ఉన్నవాళ్ల ఇల్లు ఎలా ఉంటుంది, విల్లు ఎలా ఉంటుంది, ధింసా ఆడేటప్పుడు చేతులు ఎలా కలుపుతారు అన్నది పిల్లలకు అక్కడ అర్థమవుతుంది. తర్వాత పద్మాపురం తోట. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సైనికుల కోసం కూరగాయలు పండించడానికి మొదలైన తోట ఇది.

అరకు దాటాక దారి పక్కన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పొలాలు పసుపు రంగు పులుముకున్నట్టుంటాయి. వలిసె పూలు. కారు ఆపనివాళ్లుండరు. ఫొటో కోసం చేలోకి దిగనివాళ్లూ తక్కువే. అది పూలతోట కాదు, నూనెగింజల పంట. ఒక్కో కుటుంబం పదడుగులు లోపలికి వెళ్తే సాయంత్రానికి చేను మధ్యలో బాట పడుతుంది. అందుకే గట్టు మీద నిలబడి రైతు పదో ఇరవయ్యో అడుగుతాడు. ‘పూలు చూడ్డానికీ డబ్బులా’ అని బేరమాడేవాళ్లు, నలిగిన మొక్కకు గింజ కట్టదన్న సంగతి మరచిపోతారు. అడిగింది ఇచ్చి గట్టు మీదే నిలబడితే ఫొటోకూ నష్టం లేదు, పంటకూ నష్టం లేదు.

కాఫీ కూడా అంతే. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇవాళ పెద్ద నగరాల్లో ఆ పేరుతో కాఫీ అమ్ముతున్నారు. ఇక్కడ మాత్రం అది పెద్ద ఎస్టేటుల పంట కాదు. కొండవాలులో ఎకరమో రెండెకరాలో ఉన్న గిరిజన రైతులది. నవంబరు నుంచి జనవరి దాకా పండ్లు ఎర్రబడతాయి. ఇంటిల్లిపాదీ కోతలో ఉంటారు. ఎర్రగా ఉన్నాయి కదా అని పిల్లలు గుప్పెడు తెంపితే, అది వాళ్ల కూలి తెంపినట్టే. ఇంటికి తీసుకెళ్లాలంటే గిరిజన సహకార సంస్థ దుకాణంలో పొడి దొరుకుతుంది. 1956లో ఏర్పడ్డ ఈ సంస్థ తేనె, కుంకుళ్లు, చింతపండు లాంటి అటవీ ఉత్పత్తులను కొని అమ్ముతుంది.

డుంబ్రిగుడ మండలంలో చాపరాయి. పరచిన చాపలాంటి బండ మీదుగా నీళ్లు జారుతుంటాయి. పిల్లలు ఎంతకీ కదలరు. వానాకాలంలోనూ, పాకుడు పట్టినచోటా ఆ బండలు ఎంత అందంగా ఉంటాయో అంత ప్రమాదం. ఒడ్డున బొంగులో చికెన్ కాలుతున్న వాసన. వెదురు బొంగులో మసాలా కలిపిన కోడిమాంసం కూరి, ఆకుతో మూతి మూసి, నిప్పుల మీద కాలుస్తారు. ఆర్డరిచ్చాక ఉడకడానికి సమయం పడుతుంది. దాన్నీ లెక్కలో వేసుకోవాలి మరి!

దారిలో ఎక్కడైనా వారపు సంత ఎదురైతే అరగంట ఆగడం మంచిది. పసుపు, చోళ్లు, సామలు, రాజ్మా, అడ్డాకుల కట్టలు నేల మీద పరుచుకుని అమ్ముతుంటారు. కొండ మీది నుంచి తెల్లవారుజామునే నడిచి దిగినవాళ్లు చాలామంది. అక్కడ మనిషిని అడక్కుండా ఫోను ఎత్తి ఫొటో తీయడం, మన వాకిట్లో నిలబడి ఎవరో కిటికీలోంచి ఫొటో తీసినట్టే. అడిగితే నవ్వి తలూపేవాళ్లే ఎక్కువ.

రాత్రికి పాడేరు. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు ఇది అల్లూరి సీతారామరాజు జిల్లాకు కేంద్రమైంది. మోదకొండమ్మ తల్లి ఊరు.

మూడో రోజు: మంచు అంటే ఏ మంచు?

తెలుగులో మంచు అన్న ఒక్క మాటకు ఎన్ని అర్థాలో. గడ్డి మీద మెరిసేదీ మంచే, కళ్ల ముందు కమ్మేదీ మంచే, హిమాలయాల మీద పేరుకునేదీ మంచే. ‘ఆంధ్రా కశ్మీర్‌లో మంచు’ అని చదివి, పిల్లలతో మంచు ఉండలు చేసి ఆడుకోవచ్చని వచ్చి నిరాశపడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. లంబసింగిలో కశ్మీర్‌లో పడే మంచు పడదు. అక్కడ ఉన్నది పొగమంచు, ఎముకలు కొరికే చలి. అదీ తెల్లవారుజామున మాత్రమే. ఎండెక్కితే ఏమీ ఉండదు. పదకొండింటికి వెళ్లినవాళ్లకు కనిపించేది అన్ని ఊళ్లలాంటి ఊరే.

పాడేరు పక్కన వంజంగి కొండదీ ఇదే కథ. రాత్రి చలికి లోయల్లో చేరిన మేఘం పొద్దు పొడిచే వేళకు పాలసముద్రంలా పరుచుకుంటుంది. దాని మీద కొండ శిఖరాలు దీవుల్లా తేలతాయి. అది చూడాలంటే చీకటి ఉండగానే లేచి, కారు దిగువన వదిలి, టార్చిలైటు పట్టుకుని కొండ మీదికి నడవాలి. ఎండ తగిలిన కాసేపటికి సముద్రం ఆవిరైపోతుంది.

ఇప్పుడు లెక్క మళ్లీ చూడండి. ఒక ఉదయం ఒక్కచోటే ఉండగలం. పాడేరులో పడుకుంటే వంజంగి, లంబసింగిలో పడుకుంటే లంబసింగి. రెండూ ఒకే పొద్దున దొరకవు. దొరుకుతాయని ఎవరైనా చెబితే, వాళ్లు మధ్యలో ఉన్న ఘాట్ రోడ్డును చీకట్లో, మంచులో పరుగెత్తించే లెక్క చెబుతున్నారన్నమాట. రెండూ కావాలంటే మార్గం ఒకటే. వంజంగి చూసి, తీరిగ్గా జి.మాడుగుల, చింతపల్లి మీదుగా మధ్యాహ్నానికి లంబసింగి చేరి, తాజంగి జలాశయం ఒడ్డున సాయంత్రం గడిపి, మూడో రాత్రి అక్కడే ఉండిపోవాలి. సెలవు లేకపోతే ఒకదాన్ని వచ్చే ఏడాదికి వదిలేయాలి. వదిలేసుకోవడం కూడా ప్రణాళికలో భాగమే.

చలికాలం ఆదివారాల్లో లంబసింగి దారి కిలోమీటర్ల కొద్దీ కార్లతో నిండిపోతుంది. ఫొటో కోసం రోడ్డు మీదే ఆపేవాళ్లు, ఎదురుగా దూరి ఇరుక్కునేవాళ్లు. మనకు అది గంట ఆలస్యం. ఈ కొండల్లో ఉన్నవాళ్లకు అది వేరే సంగతి. రోడ్డు లేని గూడేల నుంచి గర్భిణులను, జబ్బుపడ్డవాళ్లను డోలీ కట్టి భుజాల మీద మోసుకొచ్చే జిల్లా ఇది. అలా కొండ దిగి, రోడ్డెక్కి, 108 అంబులెన్సులోకి చేరాక, మన కారు అడ్డుగా ఆగి ఉంటే? మనకు విహారానికి వచ్చిన దారి. వాళ్లకు ఆసుపత్రికి ఉన్న ఒకే ఒక్క దారి. నాలుగు చక్రాలూ తారు దిగాకే కెమెరా బయటికి తీయాలన్నది అందుకే.

ఆ దారి వేసిందెవరు?

లంబసింగి నుంచి నర్సీపట్నం దిగే దారి మలుపుల్లో చాలామంది కిటికీ అద్దం దించి చల్లగాలి పీలుస్తారు. వందేళ్ల కిందట ఇదే నర్సీపట్నం, లంబసింగి, చింతపల్లి మార్గం వేయించింది బ్రిటిష్ ప్రభుత్వం. 1882 నాటి మద్రాసు అటవీ చట్టంతో పోడు కొట్టుకునే అడవి అప్పటికే చేజారింది. దానికి తోడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్, ఈ రోడ్డు పనిలో గిరిజనులతో సరైన కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించాడు. కొండవాళ్ల కోపం కట్టలు తెంచుకోవడానికి ఈ రోడ్డు కూడా ఒక కారణం. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దండు చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడింది. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. 1924 మే 7న రాజును కాల్చి చంపారు. ఆయన సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. ఓపికుంటే నర్సీపట్నం నుంచి ఒక గంట పక్కకు తిరిగి చూసి రావచ్చు.

ఇప్పుడు ఈ కొండల మీదుగా రాజమహేంద్రవరం నుంచి విజయనగరం వెళ్లే 516ఇ జాతీయ రహదారి విస్తరణ పనులు చేపట్టారు. వెడల్పయినచోట వేగం పెరుగుతుంది. పనులు నడిచేచోట మట్టీ, మళ్లింపులూ ఎదురవుతాయి. రోడ్డు ఎంత వెడల్పయినా కొండ మలుపు కొండ మలుపే.

నర్సీపట్నం నుంచి తాళ్లపాలెం దగ్గర పెద్ద రోడ్డెక్కి, అనకాపల్లి మీదుగా విశాఖ చేరేసరికి దీపాలు పెట్టే వేళవుతుంది. వెనక సీట్లో పిల్లలు నిద్రపోతుంటారు. నానమ్మ చేతిలో కాఫీపొడి పొట్లం. నాన్న మీటరు చూసి నవ్వుకుంటాడు. ఇంటి దగ్గర వేసుకున్న కిలోమీటర్లకూ, దీనికీ పెద్ద తేడా లేదు. తప్పింది రోజుల లెక్కే. తప్పితేనే మంచిదయింది.

బయల్దేరే ముందు...

• బ్రేకులు, కూలెంట్, వైపర్లు, స్టెప్నీ మెకానిక్‌కు చూపించండి. ‘ఘాట్‌కు వెళ్తున్నాం’ అని చెప్పండి.

• పొగమంచులో హైబీమ్ వేస్తే వెలుతురు తిరిగి మన కళ్లలోకే కొడుతుంది. లోబీమ్, ఫాగ్ లైట్లు వాడండి.

• ఇరుకు దారిలో ఎక్కే బండికి ముందు దారివ్వండి. మలుపు దగ్గర హారన్ కొట్టండి, ఓవర్‌టేక్ వద్దు.

• కొండల్లో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. మ్యాపు ముందే ఫోనులో దింపుకోండి. చిల్లర నోట్లు దగ్గర పెట్టుకోండి.

• స్వెటర్లు డిక్కీ అడుగున కాకుండా చేతికి అందేలా ఉంచండి. వాంతులయ్యే పిల్లలను ముందుకు చూసేలా కూర్చోబెట్టండి, ఫోను చూడనివ్వకండి.

• చెత్తకు ఒక సంచి. కోతులకు తిండి పెట్టొద్దు.

• భారీ వర్షాలప్పుడు కొండచరియలు విరిగిపడతాయి. హెచ్చరిక ఉంటే ప్రయాణం వాయిదా వేసుకోండి. కొండలు ఎక్కడికీ పోవు.